కార్డులో పాట, అట్టమీద పేరు

బాసగూడ నుంచి సిల్గేరు మీదుగా జగర్‌గుండకు పోయే దారిలో ఉంది తర్రెం. బీజాపూర్ జిల్లా, ఛత్తీస్‌గఢ్. తెలుగు పాఠకుల్లో చాలామందికి ఈ ఊరి పేరు 2021 ఏప్రిల్ 3న జరిగిన ఎదురుకాల్పుల వల్లే తెలుసు. ఆ రోజు 22 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. ఇక్కడ మాట్లాడుకుంటున్న ఇద్దరికీ మాత్రం ఈ ఊరితో ఉన్న సంబంధం పాటలది. ఒకరు చర్ల ప్రాంతంలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన సారు. ఆయన ఇంట్లో అలమారల నిండా ఎల్పీలు, క్యాసెట్లు, సీడీలే. రెండో మనిషి ఆయన దగ్గర చదువుకున్న దొర్ల తెగ అమ్మాయి. 2005 జూన్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఈ పల్లెల నుంచి వేలమంది గోదావరి వైపు అడవుల్లోకి వచ్చేశారు. ఆమె తల్లిదండ్రులూ అలా వచ్చినవాళ్ళే. ఆమె తెలుగు బడిలో చదివి, పెద్దయ్యాక తర్రెం తిరిగి వెళ్ళింది. కలిసినప్పుడల్లా ‘ఈ మధ్య ఏం వింటున్నారు’ అని ఒకరినొకరు అడగడం వీళ్ళకు అలవాటు. ఈసారి ఆ ప్రశ్న దగ్గరే మాటామాటా పెరిగింది.

సారు: నేను ఈ మధ్య ఒకే ఆల్బం పట్టుకుని కూర్చున్నానమ్మా. 1983లో అమెరికాలో ఫోక్‌వేస్ కంపెనీ వేసింది. ‘ట్రైబల్ మ్యూజిక్ ఆఫ్ ఇండియా: ద మురియా అండ్ మారియా గోండ్స్ ఆఫ్ మధ్యప్రదేశ్’ అని దాని పేరు. రికార్డు చేసినాయన రోడరిక్ నైట్. పశ్చిమాఫ్రికాలో కోరా అనే తంతి వాద్యం ఉంటుంది, ఆయన మొదట దాని మీద పనిచేసిన పండితుడు. అక్కణ్ణించి మీ బస్తరుకు వచ్చాడు. అప్పటికి ఛత్తీస్‌గఢ్ లేదు కదా, అందుకే అట్టమీద మధ్యప్రదేశ్ అని ఉంది. నువ్వు పుట్టకముందు మీ అడవుల్లో వినిపించిన డోలు శబ్దం నా గదిలో వినిపిస్తుంటే ఒళ్ళు జలదరించింది. నీకూ కాపీ తెచ్చాను.

శిష్యురాలు: సంతోషం సారూ. వింటాను. అందులో పాడింది ఎవరు?

సారు: మురియాలు, మారియాలు.

శిష్యురాలు: వాళ్ళు లక్షల్లో ఉన్నారు. అందులో ఎవరు పాడారని అడుగుతున్నా.

సారు: నీ ప్రశ్న అర్థమైంది. కానీ ముందు నువ్వేం వింటున్నావో చెప్పు, తర్వాత దెబ్బలాడుకుందాం.

శిష్యురాలు: మా పెద్దమ్మ కూతురి పెళ్ళి వింటున్నా. మొన్న ఎండాకాలంలో జరిగింది. రాత్రంతా నేనే ఫోన్ పట్టుకుని రికార్డు చేశా. మొదట్లో ఎవరో సైకిలు స్టాండు వేస్తున్న చప్పుడు. తర్వాత డోలు తోలు బిగియడానికి మంట దగ్గర కాస్తుంటే చిటపటలు. అప్పుడు మా అత్త ఎత్తుకుంటుంది పాట. ఆమె గొంతు కొంచెం జీర. ఆమె ఒక చరణం అనగానే ఎదురు వరస దాన్ని అందుకుని మళ్ళీ అంటుంది. వాళ్ళు అనేలోపు ఆమె తర్వాతి చరణం కట్టేస్తుంది. నడుమ ఒక పసిబిడ్డ ఏడుస్తుంది. ఏడిచేది ఎవరి బిడ్డో కూడా నాకు తెలుసు. ఆ తల్లి వరస వదలకుండా, పక్కామె భుజం మీద చెయ్యి తీయకుండా, అడుగు తప్పకుండా బిడ్డను ఊరుకోబెడుతుంది. అదంతా వినిపిస్తుంది సారూ. నలభై నిమిషాల పైనే ఉంటుంది.

సారు: బాగుంది. మరి దాన్ని ఆల్బం అంటావా?

శిష్యురాలు: అనను. అనాల్సిన అవసరం ఏముంది? అది పెళ్ళి.

సారు: అక్కడే నాకూ నీకూ తేడా. పెళ్ళి రికార్డు చేసి ఫోన్లో ఉంచుకుంటే అది జ్ఞాపకం. ఆల్బం చేయాలంటే ఒక మనిషి కూర్చుని ఆలోచించాలి. ఏది ముందు రావాలి, ఏది వెనక రావాలి, ఏది తీసెయ్యాలి, అట్ట మీద ఏం రాయాలి. వినేవాణ్ణి ఒక చోట నుంచి ఇంకో చోటికి నడిపించాలి. ఇళయరాజా 1986లో ‘హౌ టు నేమ్ ఇట్’ వేసినప్పుడు నేను కుర్రాణ్ణి. అందులో మాటలే లేవు. త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిచ్చాడు. క్యాసెట్టు మొదటి వైపు మొదలుపెడితే ఆ వైపు అయిపోయే దాకా లేచేవాణ్ణి కాదు. వి.ఎస్. నరసింహన్ వయొలిన్ ఎక్కడ వస్తుందో, అక్కడికి ఏ దారిలో తీసుకొస్తాడో, ఆ దారే నాకు సంగీతం నేర్పింది. పాటను విడిగా తీసి వింటే ఆ దారి పోతుంది.

శిష్యురాలు: ఇళయరాజా ఒకరు సారూ. ఆయనే కట్టాడు, ఆయనే వరస పెట్టాడు, ఆయనకు ఆ హక్కుంది. మా పాటలకు వరస పెట్టేది ఏడాది. విత్తనాలు చల్లే ముందు పండుం, అంటే పండగ వస్తుంది, దానికి వేరే పాటలు. మామిడి కాయలు తినడానికి ముందు మర్కా పండుం, దానికి వేరే. పెళ్ళి పాట పెళ్ళిలోనే. ఆ వరస మా ఊళ్ళో అందరికీ తెలుసు. అమెరికాలో కూర్చుని ఎవరో విత్తనాల పాట పక్కన పెళ్ళి పాట పెడితే అదేం దారి?

సారు: ఫోక్‌వేస్ రికార్డుతో పాటు ఒక పుస్తకం ఉంటుంది. చిన్నదే. ఏ పాట ఎందుకు, ఏ వాద్యం ఎలా ఉంటుంది, ఎవరు ఎప్పుడు పాడతారు, అన్నీ రాయడం ఆ కంపెనీ పద్ధతి. 1948లో మోజెస్ ఆష్ అనే ఆయన పెట్టాడు ఆ కంపెనీని. లాభం వచ్చినా రాకపోయినా ఒక్క రికార్డునీ కొట్టేయకూడదని ఆయన పట్టు. రెండు వేలకు పైగా ఆల్బమ్‌లు వేశాడు. 1986లో ఆయన పోయాక, మరుసటి ఏడాది స్మిత్సోనియన్ సంస్థ తీసుకుంది. ప్రతి ఆల్బమూ అందుబాటులో ఉంచాలన్న షరతు మీదే తీసుకుంది. అందుకే ఇవాళ తర్రెంలో నువ్వు అడిగితే నేను తెచ్చి ఇవ్వగలిగాను. మీ పెళ్ళి రికార్డింగు నలభై ఏళ్ళ తర్వాత ఎవరైనా అడిగితే దొరుకుతుందా?

శిష్యురాలు: దొరకదేమో. అప్పటికి ఇంకో పెళ్ళి ఉంటుంది.

సారు: ఉంటుందని నీకేం హామీ? నువ్వు ఎక్కడ పెరిగావో మర్చిపోయావా?

శిష్యురాలు: మర్చిపోలేదు సారూ.

సారు: నిన్ను బాధపెట్టాలని కాదు తల్లీ. మీ గుంపులో నేను చూసిన సంగతే చెబుతున్నా. మీవాళ్ళు వచ్చిన కొత్తలో చర్ల అడవిలో గుడిసెలు వేసుకుని మిరప తోటల్లో కూలికి పోయేవాళ్ళు. పండగలు చాలా ఏళ్ళు సరిగ్గా చేసుకోలేదు. పండగ లేకపోతే ఆ పాటా లేదు. నువ్వు అన్న ఏడాది వరస ఉంది చూడు, అది ఊరు ఉన్నంత వరకే ఉంటుంది. ఊరు లేచిపోతే అదీ పోతుంది. అప్పుడు ఒక్క క్యాసెట్టు ఉన్నా మీ పిల్లలు వినేవాళ్ళు.

శిష్యురాలు: ఆ సంగతి నాకు మీకంటే ఎక్కువ తెలుసు. మా అమ్మ అక్కడ ఒక్క పాటా పాడలేదు. గోదావరి ఒడ్డున పాడడానికి ఆమెకు వరసలో నిలబడే మనుషులు లేరు. ఒక్కతే పాడమంటే, ఒక్కదాన్నే ఎట్లా పాడతానే అనేది. మీరు ఒకసారి టేప్‌రికార్డరు తెచ్చారు గుర్తుందా? అమ్మ తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

సారు: గుర్తుంది. సిగ్గుపడిందేమో అనుకున్నా.

శిష్యురాలు: సిగ్గు కాదు. వద్దంది. ఎదురు వరస లేకుండా పాడితే సగం పాటే కదా, ఆ సగాన్ని మీరు పట్టుకెళ్ళడం ఆమెకు ఇష్టం లేదు. తర్రెం తిరిగొచ్చిన తర్వాత మొదటి పెళ్ళిలో, ఎవరూ అడగకుండానే వరసలోకి వెళ్ళి నిలబడింది. అన్ని పాటలూ గుర్తున్నాయి ఆమెకు. రికార్డు లేకపోయినా గుర్తున్నాయి.

సారు: ఆమెకు గుర్తున్నాయి. అప్పటికి తిరిగి రాని వాళ్ళకి? అక్కడే పుట్టి, ఇవాళ్టికీ అక్కడే ఉన్న పిల్లలకి? నువ్వు మీ అమ్మ సంగతి చెబుతున్నావు, నేను వాళ్ళ సంగతి చెబుతున్నా. సకిని రామచంద్రయ్య గారి సంగతి చూడు. మణుగూరు దగ్గర కూనవరం ఆయనది. కోయల డోలీ. కంచుమేళం వాయిస్తూ ఇంటిపేర్ల పుట్టుపూర్వాలు, సమ్మక్క సారలమ్మ కథ రాత్రుళ్ళ తరబడి చెప్పేవాడు, కోయలోనూ తెలుగులోనూ. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో పోయాడు. ఆయనతో పాటు ఎన్ని రాత్రుల కథ పోయిందో ఆలోచించు. మన వాళ్ళు బిరుదు ఇచ్చారు, శాలువా కప్పారు, ఫొటో తీశారు. పది డిస్కుల పెట్టె ఒకటి, ఆయన పేరు పెద్దక్షరాల్లో వేసి, ప్రతి కథకూ కోయ పాఠం, తెలుగు పాఠం ఇచ్చి వేసి ఉంటే? ఒక కర్ణాటక విద్వాంసుడికి చేసే మర్యాద అది. డోలీకి ఎందుకు చేయకూడదు?

శిష్యురాలు: చేయాలి. ఈ ఒక్క మాటకు నేను ఎదురు చెప్పను. ఎందుకంటే మీరు ఇప్పుడు ఆయన పేరు చెప్పారు. ఇందాక ఫోక్‌వేస్ రికార్డు గురించి చెప్పినప్పుడు రికార్డు చేసినాయన పేరు చెప్పారు, కంపెనీ పెట్టినాయన పేరు చెప్పారు, పాడినవాళ్ళను జాతి పేరుతో పిలిచారు. మా వాళ్ళ సంగతి వచ్చినప్పుడల్లా ఇట్లాగే అవుతుంది. స్వీడన్ నుంచి ఆర్నె సుక్స్‌డార్ఫ్ వచ్చి నారాయణపూర్ దగ్గర గఢ్‌బెంగాల్‌లో సినిమా తీశాడని మీరే చెప్పారు నాకు.

సారు: ‘ద ఫ్లూట్ అండ్ ద ఆరో’. 1957. సంగీతం రవిశంకర్.

శిష్యురాలు: అదే. సినిమా మురియాల మీద, సంగీతం రవిశంకర్‌ది. రవిశంకర్ గొప్పవాడు, కాదనను. కానీ ప్రపంచం ఆ అడవిని ఆయన చేతుల మీదుగా వింది. అందులో నటించిన చెందురు అనే పిల్లవాణ్ణి స్వీడన్ దాకా తీసుకెళ్ళారు. తర్వాత ఊరికి తిరిగొచ్చి, ఎవరూ పట్టించుకోకుండా బతికి 2013లో పోయాడు. అదే గఢ్‌బెంగాల్‌లో పండీరాం మండావి ఉన్నాడు. గాల్లో తిప్పితే మోగే వెదురు పిల్లనగ్రోవి చేస్తాడు, సులుర్ అంటారు. ఆయనకు పద్మశ్రీ 2025లో వచ్చింది. ఆ ఊరి సంగీతకారుడి పేరు ఢిల్లీ దాకా వెళ్ళడానికి సినిమా వచ్చిన నాటి నుంచి అరవై ఏడేళ్ళు, అరవై ఎనిమిదేళ్ళు పట్టింది. మరి ఆల్బం అనేది వినడం నేర్పుతుందని మీరంటే, ఎవర్ని వినడం నేర్పింది?

సారు: ఒప్పుకుంటాను, ఆ కాలం అట్లాంటిది. ‘ఫలానా తెగ సంగీతం’ అని రాస్తే సరిపోతుందనుకున్నారు. వెరియర్ ఎల్విన్ 1947లో మురియా యువతీయువకులు కలిసి ఉండే ఘోటుల్ మీద అంత పెద్ద పుస్తకం రాశాడు, అందులో ఎన్నో పాటలున్నాయి. చదివితే పాట కట్టిన మనిషి కంటే తెగే ముందు కనిపిస్తుంది. కానీ తప్పు దిద్దుకోవడం కూడా ఆల్బం వల్లే సాధ్యం. అట్ట ఉంది కాబట్టి పేరు లేదని నువ్వు పట్టుకోగలిగావు. మీవాళ్ళు ఫోన్లలో పాటలు ఎక్కించుకునే మెమరీ కార్డుల్లో పేర్లున్నాయా? ఉంటే చూపించు.

శిష్యురాలు: నా కార్డులో ఉన్నాయి.

సారు: నీ కార్డు సంగతి కాదు. ఆవపల్లి మొబైల్ షాపులో ఇరవై, ముప్ఫై రూపాయలకు ఎక్కిస్తారే, వాటి సంగతి.

శిష్యురాలు: వాటిలో ఉండవు. ‘గోండీ న్యూ’, ‘గోండీ డీజే’, ‘తెలుగు ఓల్డ్’, ‘హల్బీ మిక్స్’ అని ఫోల్డర్లు ఉంటాయి. లోపల అంకెలు. నిజం చెప్పాలంటే మా అత్త పాట ఒకటి అట్లాగే తిరిగొచ్చింది నా దగ్గరికి. నేను బ్లూటూత్‌లో నలుగురికి పంపా. ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందో ఏమో, మళ్ళీ సంతలో ఒక కుర్రాడి స్పీకరులో వినిపించింది. కింద కీబోర్డు బీటు వేశారు. మొదట్లో సైకిలు చప్పుడు తీసేశారు. ఎదురు వరస గొంతులు సగం కోసేసి మా అత్త గొంతును మాత్రం మళ్ళీ మళ్ళీ తిప్పారు. ఆ కుర్రాణ్ణి ఇదెవరిదని అడిగితే, సుక్మా వైపుదక్కా, హిట్టు పాట అన్నాడు.

సారు: మీ అత్త వింటే ఏమంది?

శిష్యురాలు: నవ్వింది. రెండోసారి విని, నా చెల్లెళ్ళు ఎటు పోయారు అని అడిగింది. అంటే ఎదురు వరసలో ఉన్నవాళ్ళ గొంతులు.

సారు: చూశావా. అట్ట ఉన్న రికార్డులో పేరు పోయింది, కార్డులో పేరుతో పాటు మనుషులు కూడా పోయారు. నాకు తెలుగు సినిమాలో ఈ గొడవ కొత్త కాదు. జానపదం అనగానే ఎవరిదీ కాదనుకుంటారు. 2021లో ‘సారంగ దరియా’ వచ్చినప్పుడు ఎంత రచ్చ అయిందో నీకు గుర్తుండే ఉంటుంది. పాటను వెలికి తెచ్చినవాళ్ళ మాట ఎక్కడుందని అడిగారు. అదే ఏడాది ‘భీమ్లా నాయక్’ పాటలో మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర వినిపించింది. అప్పుడు పేరు చెప్పారు, మనిషిని చూపించారు. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. పేరు వేస్తే ఏమవుతుందో వేరే రుజువు అక్కర్లేదు.

శిష్యురాలు: మొగులయ్య గారికి పేరొచ్చింది, సరే. ఆయన పండుగ సాయన్న కథ మొత్తం ఎంతమంది విన్నారు? ఆ సినిమా పాట ముందు వచ్చే కాస్త ముక్కే అందరూ విన్నారు. కిన్నెర కథ చెప్పడానికి పుట్టిన వాద్యం. దాన్ని హీరో రావడానికి ముందు వాడుకున్నారు.

సారు: అదీ నిజమే. కానీ నువ్వు ఏది చెప్పినా ‘వద్దు’ దగ్గరికే వస్తున్నావు. ఆల్బం వద్దు, ఆర్కైవు వద్దు, సినిమా వద్దు. అయితే నువ్వు నాకెందుకు చెప్పావు మీ పెళ్ళి పాట సంగతి? పాటంటే ఇష్టమున్నవాడు ఊరుకోలేడు. ‘ఇది విన్నావా’ అని పక్కవాణ్ణి కుదపకుండా ఉండలేడు. నువ్వూ అంతే, నేనూ అంతే.

శిష్యురాలు: వద్దనడం లేదు సారూ. ఇచ్చిపుచ్చుకోవడం మా దగ్గర ఎప్పుడూ ఉంది. బుల్టూ అంటారు ఇక్కడ, బ్లూటూత్‌ని. నెట్టు లేని ఊళ్ళలో దాంతోనే నడిచింది అంతా. 2010లో శుభ్రాంశు చౌధురి మొదలుపెట్టిన సీజీనెట్ స్వరకు మామూలు ఫోన్ నుంచి మిస్డ్ కాల్ ఇచ్చి, తిరిగి ఫోన్ వస్తే గోండీలో మాట్లాడేవాళ్ళు, పాట పాడేవాళ్ళు. పాడేవాళ్ళు ముందు నేను ఫలానా, ఫలానా ఊరు, ఫలానా జిల్లా అని చెప్పి మొదలుపెట్టేవాళ్ళు. తర్వాత దాన్నే బుల్టూ రేడియో అని చేశారు. ఒకచోట దించుకుని ఊరూరా చేతి నుంచి చేతికి పంచుకోవడం. దాన్లో నాకు నచ్చింది ఆ మొదటి మాట. పాట కంటే ముందే మనిషి వినిపించాడు. దాన్ని కోసేస్తే తప్ప పేరు పోదు.

సారు: ఇది మంచి మాట. గొంతులోనే పేరు. కాగితం చిరిగిపోతుంది, ఫైలు పేరు మారిపోతుంది, పాడిన గొంతే చెబితే కోసేవాడు తెలిసే కొయ్యాలి. అయితే నేను నీకు ఇంకో ఆల్బం చెబుతా. నీ కార్డూ నా అట్టా రెండూ కలిసింది. సహారా ఎడారిలో, మాలీ దేశంలో కిదాల్ అనే ఊరు. అక్కడా మీలాగే మెమరీ కార్డులు, బ్లూటూత్. క్రిస్టఫర్ కిర్క్‌లీ అనే అమెరికా కుర్రాడు అక్కడ తిరుగుతూ జనం ఫోన్లలో ఉన్న పాటలు పోగుచేశాడు. 2011లో ఎల్పీగా వేశాడు, ‘మ్యూజిక్ ఫ్రం సహారన్ సెల్‌ఫోన్స్’ అని. వెయ్యడానికి ముందు ఏం చేశాడో తెలుసా? పాడినవాళ్ళు ఎవరో వెతకడం మొదలుపెట్టాడు. ఫైలులో పేరు లేదు, ఉన్నా తప్పు పేరు. ఫోన్ల మీద ఫోన్లు చేసి ఒక్కొక్కరినీ పట్టుకున్నాడు. అలా దొరికినవాడే నైజర్ దేశపు ఎండూ మొక్తార్. 2008లో నైజీరియా వెళ్ళి రికార్డు చేసుకున్న పాటలు అతనివి, ఎడారి అంతా కార్డుల్లోనే తిరిగాయి. ఇవాళ ప్రపంచమంతా తిరిగి గిటారు వాయిస్తున్నాడు.

శిష్యురాలు: అతను గిటారు వాయించేవాడు, వినిపించాలని తనే రికార్డు చేసుకున్నాడు. మా అత్త అట్లా అనుకోలేదు. పెళ్ళికి పాడింది. ఆమెను వెతికి పట్టుకుని ‘నీ పాట ఎల్పీ వేస్తాం’ అంటే ఆమెకు వచ్చేదేంటి?

సారు: డబ్బు వస్తే డబ్బు. అది చిన్న విషయం కాదు. పేరు. ఇంకా, ఆమె లేని రోజున ఆమె గొంతు. ఇవన్నీ ఆమెకు అక్కర్లేదని నువ్వెలా చెబుతావు? ఆమెను అడిగావా?

శిష్యురాలు: అడగలేదు.

సారు: మీ అమ్మ వద్దంది కాబట్టి అందరూ వద్దంటారని అనుకుంటున్నావు.

శిష్యురాలు: మీరు అందరూ సరేనంటారని అనుకుంటున్నారు.

సారు: ఏదో ఒకటి అడగనిదే తెలియదు కదా. నాకు దిగులు ఎక్కడంటే, అడగడానికి కూడా టైము ఎక్కువ లేదు. మనదేశంలో రికార్డు చేసినవి విదేశాల్లో పడి ఉన్నాయని బాధపడి, వాటి కాపీలు ఇక్కడికి తెచ్చి పెట్టడానికి 1982లో నజీర్ జైరజ్‌భాయ్ ఒక ఆర్కైవు పెట్టించాడు. ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉంది. ఎవరెవరో రికార్డు చేసిన టేపులు అక్కడ భద్రంగా ఉన్నాయి. అది గొప్ప పనే. కానీ తర్రెం నుంచి గురుగ్రామ్ ఎవరు వెళతారు? అందుకే అంటున్నా, మీ ఊరి ఆల్బం మీ ఊళ్ళోనే తయారవ్వాలి. ‘తర్రెం పాటలు’ అని అట్ట మీద వెయ్యాలి. ఇన్నాళ్ళూ ఈ పేరు పేపర్లో చావుల లెక్క పక్కనే చూశాం. ఒక్కసారి పాట పక్కన చూడాలని ఉంది నాకు. ఎవరైనా ‘ఈ మధ్య ఏం వింటున్నావు’ అని అడిగితే ‘తర్రెం వింటున్నా’ అని చెప్పాలని ఉంది.

శిష్యురాలు: ఆ కోరిక నాకూ ఉంది సారూ. పేపర్లో ఆ పేరు చదివినప్పుడల్లా మా ఇల్లు ఎటువైపు ఉందో ఎవరికీ తెలియదు కదా అనిపించేది. కానీ అట్ట మీద ఊరి పేరు పెట్టగానే మళ్ళీ ‘తర్రెం జనం పాడారు’ అవుతుంది. అంటే మురియాలు, మారియాలు అన్నట్టే. ఊరి పేరు చిన్నగా వెయ్యండి. మా అత్త పేరు పెద్దగా వెయ్యాలి. ఎదురు వరసలో ఆరుగురి పేర్లూ వెయ్యాలి. డోలు కొట్టినాయన పేరు, డోలు చేసినాయన పేరు.

సారు: డోలు చేసినాయన పేరా?

శిష్యురాలు: ఆయన కర్ర మంచిది చూసి తొలిచాడు కాబట్టే ఆ శబ్దం. మీరు నరసింహన్ వయొలిన్ అన్నప్పుడు నేను నవ్వలేదు కదా.

సారు: సరే, వేద్దాం. ఇంకా?

శిష్యురాలు: ప్రతి పాట ముందు పాడేవాళ్ళు తమ గొంతుతో తమ పేరు చెప్పాలి. వాళ్ళ భాషలోనే. దాన్ని ఎవరూ కొయ్యకూడదు. పసిబిడ్డ ఏడుపు తియ్యకూడదు, సైకిలు చప్పుడు తియ్యకూడదు.

సారు: సైకిలు సంగతి ఆలోచించాలి. కొత్తగా వినేవాడికి అది అడ్డం. పెళ్ళి నలభై నిమిషాలూ అట్లాగే పెడితే మీ వాళ్ళు తప్ప ఇంకెవరూ చివరిదాకా వినరు. నీ మంచికే చెబుతున్నా, వినిపించడం కూడా ఒక కళ. ఎక్కడ ఆపాలో తెలియాలి.

శిష్యురాలు: పెళ్ళి అంతసేపు ఉంటుంది మరి. వినలేనివాడు మధ్యలో లేచి వెళ్ళొచ్చు, మా పెళ్ళిలో కూడా వెళతారు. వచ్చి మళ్ళీ కూర్చుంటారు.

సారు: ఇక్కడ మనం ఒప్పుకోం. అది పక్కన పెట్టు. విత్తనాల పండగ పాటలు కూడా ఉన్నాయన్నావు కదా. వాటిని మొదట పెట్టి, మామిడి పండుం, ఆ తర్వాత పెళ్ళి అని ఏడాది నడిచినట్టు పెడితే ఎంత బాగుంటుందో. నువ్వు చెప్పిన వరసే.

శిష్యురాలు: అవి ఇవ్వను సారూ.

సారు: ఎందుకని? ఇందాక నువ్వే కదా ఏడాది వరస అన్నావు?

శిష్యురాలు: అందుకే ఇవ్వను. పెళ్ళి పాట ఎవరు ఎప్పుడు విన్నా పరవాలేదు, పెళ్ళిళ్ళు ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటాయి. పండుం పాట ఆ రోజుకే. దాన్ని వానాకాలంలో ఎవడో బస్సులో పెట్టుకుని వింటే పెద్దవాళ్ళు బాధపడతారు. నా ఫోన్లో ఉన్నా నేనే వినను. పెద్దలు సరేనంటే అప్పుడు చూద్దాం.

సారు: ఎప్పుడంటే అప్పుడు వినగలగడమే కదా ఆల్బం? లేకపోతే రికార్డు చెయ్యడం దేనికి?

శిష్యురాలు: మేం మళ్ళీ లేచిపోవాల్సి వస్తే, అప్పుడు పిల్లలకు కావాలని చేశా. మీరు ఇందాక అన్నారే, చర్లలో పుట్టిన పిల్లలు అని. వాళ్ళ కోసం. ఊరందరికీ కాదు.

సారు: అయితే నాతో ఇంతసేపు ఎందుకు వాదించావమ్మా, ఆ పిల్లల మాట నేను అన్నప్పుడు?

శిష్యురాలు: మీరు ఆ పిల్లలకు అమెరికా రికార్డు ఇద్దామన్నారు. నేను వాళ్ళ మేనత్త గొంతు ఇద్దామంటున్నా.

సారు: రెండూ ఇద్దాం. ఆ రికార్డును నువ్వు ఒక్కసారి పూర్తిగా వినకుండా కొట్టిపారేయకు. అందులో గొంతుల్ని ఎవరైనా గుర్తుపట్టవచ్చు. ఆ ఊళ్ళలో ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ గొంతు మా అమ్మదే అని ఒక్కరన్నా అంటే, అప్పుడు ఆ అట్ట మీద పేరు రాయొచ్చు.

శిష్యురాలు: అది చేస్తా. నారాయణపూర్ వైపు మా స్నేహితురాలు నర్సుగా ఉంది, ఊరూరా తిరుగుతుంది. ఆమెకు బుల్టూ చేస్తా. ఆ పుస్తకంలో ఊళ్ళ పేర్లుంటే అవి కూడా రాసివ్వండి, తెలుగులో.

సారు: రాసిస్తా. మరి పెళ్ళి పాటలు ఎన్ని ఉన్నాయి నీ దగ్గర?

శిష్యురాలు: మూడు పెళ్ళిళ్ళవి కలిపి పదకొండు. రెండింటికి పాడినవాళ్ళ పేర్లు తెలియాలి ఇంకా. ఒకామె అవతలి ఊరి నుంచి చుట్టంగా వచ్చింది, పెళ్ళయి చింతల్‌నార్ వైపు వెళ్ళిపోయిందట.

సారు: ఆమెకు ఫోన్ ఉందా?

శిష్యురాలు: లేదు. వాళ్ళ తమ్ముడు సంతకు చింతపండు తెస్తాడు. అతన్ని అడుగుతా. ఆమె సరేనంటే పదకొండు, లేకపోతే పది.